పిల్లల తరఫున సంతకం ఎవరు పెట్టాలి?

మొత్తం 9,543 అంగీకార పత్రాలు. వాటిలో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. మరో 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు పోగైన కాగితాల లెక్క ఇది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ అంకెలు పెట్టింది. నలభై మంది కూర్చునే తరగతి గదికి కుదించి చూడండి. దాదాపు పన్నెండు మంది పిల్లల విషయంలో సరేనన్నది అమ్మా కాదు, నాన్నా కాదు, వార్డెన్. ఇంకో ఎనిమిది మంది కాగితాల మీద ఉన్నది వేలిముద్ర.

ఇంతకీ ఆ ప్రాజెక్టు ఏమిటి? అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా ఉన్న పాత్ అనే స్వచ్ఛంద సంస్థ గేట్స్ ఫౌండేషన్ నిధులతో దీన్ని చేపట్టింది. భారత వైద్య పరిశోధన మండలి (అందరూ ఐసీఎంఆర్ అనేది దీన్నే), రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయి కలిపాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మందికి, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10 వేల మందికి టీకా మొదలుపెట్టారు. ఆరు నెలల వ్యవధిలో ఒక్కొక్కరికి మూడు సూదులు. మన దగ్గర 2009 జూలైలో మొదలైంది. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. టీకా వేయించుకున్నవారిలో ఏడుగురు, ఇక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు, చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్లి ఊళ్లలో, హాస్టళ్లలో విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

వెంటనే వచ్చే సందేహం: ఆ పిల్లలు టీకా వల్లే పోయారా? కాదనే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2011లో తేల్చింది. ఒక పాప క్వారీ గుంటలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది జ్వరం, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్న అనుమానం. ఈ రెంటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని సంఘం అభిప్రాయపడింది. వేల మంది పిల్లల్ని నెలల తరబడి గమనిస్తే, టీకా ఉన్నా లేకపోయినా, కొన్ని మరణాలు కనిపిస్తాయి. వినడానికి కఠినంగా ఉన్నా అంకెల స్వభావం అది.

టీకా తప్పు లేనప్పుడు సంతకాల గొడవ ఎందుకని అడగవచ్చు. గొడవంతా అక్కడే ఉంది. తన బిడ్డకు ఏ సూది, ఎందుకు, ఎవరు వేస్తున్నారో ముందే తెలిసిన తల్లికి, ఆ తర్వాత ఏ కష్టం వచ్చినా అడగడానికి ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. డాక్టరు చెప్పేది నమ్మాలో లేదో తేల్చుకోవడానికి కొంత ఆధారం ఉంటుంది. బిడ్డ పోయాక గాని టీకా మాట తెలియని తల్లికి, ఢిల్లీలో నిపుణులు రాసిన నివేదిక ఏ ఓదార్పునిస్తుంది? నా మటుకు నాకు అనిపించేది, ఆ ప్రాజెక్టు వల్ల పెద్ద నష్టం టీకాకే జరిగిందని. మంచి టీకా మీద ఏళ్ల తరబడి నీలినీడ పడింది.

వార్డెన్ దగ్గరికి వద్దాం. హాస్టల్‌లో పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆయనే, ఫీజు కాగితాల మీద సంతకం పెట్టేదీ ఆయనే. మరి దీనికెందుకు పనికిరాడు? తేడా ఉంది. జ్వరానికి మందు వేయించడం ఆ బిడ్డ అవసరం. పరిశోధన అలా కాదు. అందులో వచ్చే జ్ఞానం రేపటి పిల్లలకు, ప్రభుత్వానికి, కంపెనీకి పనికొస్తుంది. అసౌకర్యం మాత్రం ఈ బిడ్డది. ఆ లెక్క వేసే హక్కు చట్టం సహజ సంరక్షకులైన తల్లిదండ్రులకు, వాళ్లు లేకపోతే కోర్టు నియమించిన సంరక్షకుడికి ఇచ్చింది. బిడ్డను ఉంచుకుని అన్నం పెట్టినంత మాత్రాన వార్డెన్ చట్టపరమైన సంరక్షకుడు కాడు. పైగా ఆయన ప్రభుత్వోద్యోగి. పై అధికారి పంపిన సర్క్యులర్‌ను కాదనే స్థితిలో ఆయన ఉంటాడా? ఇంకో మాట కూడా. చేరేటప్పుడు హాస్టల్ ఫారం మీద మీరు పెట్టిన సంతకం పరిశోధనకు చెల్లదు. ఏ అధ్యయనానికి ఆ అధ్యయనానికే విడిగా అడగాలి.

మరి ఇంతమంది అధికారులు ఉండి ఇలా ఎందుకు జరిగింది? నాకు కనిపించే కారణం ఒకటే, పేరు దగ్గర మొదలైన గందరగోళం. టీకాకు దేశంలో లైసెన్సు ముందే ఉంది కాబట్టి ఇది ప్రయోగం కాదు, డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అని పాత్ వాదన. కాగితాల మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ముద్ర కూడా ఉండటాన్ని పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. ఆ ముద్ర చూసిన వాళ్లు దాన్ని పోలియో చుక్కల్లాంటి సర్కారు కార్యక్రమం అనుకుంటారు. పోలియో చుక్కలకు ఎవరూ సంతకం అడగరు. మనుషుల మీద సమాచారం సేకరిస్తూ చేసే పని ఏ పేరుతో జరిగినా పరిశోధన నియమాలు వర్తిస్తాయని సంఘం తేల్చింది. ఈ విషయంలో సంఘం మాటే సరైనదని నేననుకుంటాను.

వేలిముద్ర మాటేమిటి? చదువు రాకపోవడం తప్పు కాదు, వేలిముద్రా తప్పు కాదు. గుజరాత్‌లో 6,217 పత్రాల్లో 3,944 వేలిముద్రలవే, అంటే నూటికి 63. వేలిముద్ర వేసేవారి పక్కన నిష్పాక్షిక సాక్షి ఉన్నారా లేదా అన్నదే తేల్చాల్సింది. నిష్పాక్షిక సాక్షి అంటే పరిశోధన బృందానికి చెందని మనిషి. కాగితం చదివి వినిపించడం మొదలైన దగ్గర్నుంచి వేలిముద్ర పడే దాకా అక్కడే కూర్చుని, చెప్పింది చెప్పినట్టు చెప్పారని తానూ సంతకం చేయాలి. కొత్తగా కనిపెట్టిన మందును పిల్లల్లాంటి నిస్సహాయుల మీద పరీక్షించేటప్పుడు ఈ తతంగమంతా వీడియో తీయాలని కూడా ఇప్పుడు నిబంధన ఉంది.

ఇక కాగితంలో ఏముండాలి? దీన్ని ‘తెలిసి ఇచ్చే అంగీకారం’ అంటారు కాబట్టి, ముందు తెలియాలి. ఇది పరిశోధన అన్న మాట మొదట్లోనే ఉండాలి. ఎందుకు చేస్తున్నారో, ఎన్నాళ్లో, ఎన్నిసార్లు రావాలో, ఎన్ని సూదులో రాయాలి. రాగల బాధలు, ప్రమాదాలు దాచకూడదు. చేరకపోతే దొరికే మామూలు వైద్యం ఏమిటో చెప్పాలి. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి సూది వేసే పద్ధతి అయితే, మీ బిడ్డకు ఏది పడుతుందో చీటీ తీసినట్టు తేలుతుందని స్పష్టం చేయాలి. ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరు ఉండాలి. ఇదంతా మీ భాషలో, మీకు అర్థమయ్యే మాటల్లో. అర్థం కాని ఇంగ్లీషు కాగితం మీద ఎంత అందంగా సంతకం పెట్టినా అది అంగీకారం కాదు. ఒక ప్రతి మీకివ్వాలి. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకుంటామంటే కాదనకూడదు.

అమ్మానాన్న ఒప్పుకుంటే సరిపోతుందా, బిడ్డను అడగక్కర్లేదా? అడగాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారమే ఆధారం. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లో చెప్పి, నోటితో సరే అనిపించుకోవాలి. పన్నెండు దాటి పద్దెనిమిది నిండని వాళ్లు విడిగా తమ కాగితం మీద తామే సంతకం పెట్టాలి. దీన్ని పిల్లల సమ్మతి అంటారు. తల్లిదండ్రుల అంగీకారానికి ఇది అదనం, బదులు కాదు. ఈ లెక్కన ఖమ్మం పిల్లలు ఈనాడైతే కొందరు నోటితో, కొందరు చేవ్రాలుతో తమ మాట తాము చెప్పేవాళ్లు. నాన్న సరేనన్నాక పదేళ్ల పాప ‘నాకొద్దు’ అంటే? ఆమె మాటే చెల్లాలి. ఆ బిడ్డ ప్రాణం నిలబెట్టే వైద్యం ఆ పరిశోధనలో తప్ప ఇంకెక్కడా దొరకని అరుదైన సందర్భంలో మాత్రం మినహాయింపు. అధ్యయనం నడుస్తుండగా పిల్లవాడికి పద్దెనిమిది నిండితే, కథ మళ్లీ మొదటికి. ఇక నుంచి అంగీకారం అతనిది, అతన్ని కొత్తగా అడగాలి.

తల్లి ఒక్కతే సంతకం పెట్టవచ్చా అన్నది మన ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న. నాన్న గల్ఫ్‌లోనో, బెంగళూరులో కూలి పనిలోనో ఉంటాడు. ప్రమాదం చాలా తక్కువైనా, బిడ్డకు నేరుగా మేలు ఉన్నా ఒక్కరి సంతకం చాలు. ప్రమాదం అంతకు మించి, నేరుగా మేలూ లేకపోతే ఇద్దరిదీ కావాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, పిల్లల మీద పరిశోధనలే మానేస్తే పోలేదా? చాలామంది మంచివాళ్లు ఈ మాట అంటారు. కానీ పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. వాళ్ల కాలేయం, మూత్రపిండాలు మందును వేరుగా అరిగిస్తాయి. పిల్లల మీద పరీక్షించని మందును చివరికి పిల్లలకే అంచనాతో ఇస్తారు. అంటే ప్రయోగం ఎలాగూ జరుగుతుంది, లెక్క రాసుకునేవాళ్లు ఉండరు, అంతే. మన హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ చుక్కల సంగతి చూడండి. పసిపిల్లల విరేచనాల్ని ఆపే టీకా అది. ఢిల్లీ, పూణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే దాని పరీక్ష జరిగింది. అసలు చుక్కలు పడిన 4,532 మందిలో 71 సార్లు, ఉత్తుత్తి చుక్కలు పడిన 2,267 మందిలో 76 సార్లు రోటావైరస్ విరేచనాలు ప్రమాదకరంగా ముదిరాయి. వెయ్యి మంది పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే 34 చోట 16. అంటే సగానికి తగ్గింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో దీన్ని మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పరీక్షలో కూడా ఉత్తుత్తి చుక్కలు ఇవ్వడం న్యాయమేనా అన్న వాదన నడిచింది. అప్పటికే మార్కెట్లో వేరే రోటా టీకాలున్నాయి. ఆ వాదన బహిరంగంగా జరగడం మంచిదే.

మీ దగ్గరికి కాగితం రాకముందే దాన్ని చూసేవాళ్లు ఒకరుండాలి. వాళ్లే ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో న్యాయం ఉందో లేదో ముందే తూచే బృందం. కనీసం ఏడుగురు ఉండాలి. అందులో ఒక న్యాయ నిపుణుడు, కనీసం ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. సగం మందికి ఆ సంస్థతో ఉద్యోగ సంబంధం ఉండకూడదు. నిపుణులంతా ఊ అన్నాక ‘ఇది మా ఆవిడకు అర్థం కాదండీ’ అని చెప్పగలిగే ఆ సామాన్యుడి కుర్చీయే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

‘కనీస ప్రమాదం’ అన్న మాట కాగితాల్లో తరచూ కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి రోజువారీ జీవితంలోనో, మామూలు డాక్టరు పరీక్షలోనో ఎదురయ్యేదానికి మించని ప్రమాదం అని దాని అర్థం. రక్తం తీయడాన్నే తీసుకుందాం. యూరప్ మార్గదర్శకాల్లో ఒక కొలత ఉంది: పరిశోధన కోసం ఒకసారికి ఒంట్లోని రక్తంలో నూటికి ఒక వంతు, నాలుగు వారాల్లో మూడు వంతులు దాటకూడదు. ఇరవై కిలోల పిల్లవాడిలో, కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున, ఉండేది 1,600 మిల్లీలీటర్ల రక్తం. దాంట్లో ఒక శాతం 16 మిల్లీలీటర్లు, మూడు చిన్న చెంచాలు. మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే ఒక గ్లాసెడు. అక్కడ ఒక శాతం అంటే అర చెంచా. ‘కొంచెం రక్తమే కదా’ అని ఎవరైనా అంటే, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నిసార్లు అని అడగండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్క చుక్కతో పని అయిపోతుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువని 2019–21లో మనకు తెలిసింది ఆ చుక్కతోనే.

చెడు జరిగితే? మందుల పరీక్షల్లో (క్లినికల్ ట్రయల్స్ అంటారు) పాల్గొన్న వారికి హాని కలిగితే వైద్యం ఉచితంగా అందాలి, అది తీవ్రమైనదైతే పరిశోధకుడు 24 గంటల్లో పైకి తెలియజేయాలి. ట్రయల్ కారణంగా ప్రాణం పోతే పరిహారానికి 2019 నిబంధనల్లో ఒక సూత్రం ఉంది. మూలధనం 8 లక్షలు. దాన్ని వయసు అంకెతో గుణించి 99.37తో భాగించాలి. పదహారేళ్లలోపు వారికి ఆ అంకె 228.54. అలా వచ్చేది సుమారు 18 లక్షల 40 వేలు. చేరేనాటికి ఆ మనిషి ఎంత ఆరోగ్యంగా ఉన్నాడన్నదాన్ని బట్టి దీన్ని మళ్లీ అర నుంచి నాలుగు దాకా ఒక అంకెతో గుణిస్తారు. పూర్తి ఆరోగ్యవంతుడికి నాలుగు. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి విషయంలో సుమారు 73 లక్షల 60 వేలు. ఆరు శాతం వడ్డీ వచ్చే చోట వేస్తే నెలకు 36,800 రూపాయలు. బిడ్డకు వెల కట్టే లెక్క కాదిది, కానీ అంకె తెలిసి ఉంటే రెండు లక్షలిచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లకు జవాబు చెప్పవచ్చు. ఖమ్మం ప్రాజెక్టు నాటికి ఈ సూత్రం లేదు.

సూది లేని పరిశోధనలూ ఉంటాయి. బడికి వచ్చి ప్రశ్నపత్రం పంచుతారు: నిద్ర ఎంత, ఫోన్ ఎంతసేపు, ఇంట్లో కొడతారా, ఎవరైనా ఇబ్బంది పెట్టారా. దీనికీ అవే నియమాలు. హెడ్‌మాస్టర్ లోపలికి రానివ్వడం తలుపు తీయడమే, తల్లిదండ్రుల అంగీకారం కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘మీరు చెప్పింది ఎవరికీ చెప్పం’ అని పరిశోధకులు పిల్లలకు మాటిస్తారు. కానీ పిల్లవాడి మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి పూర్తి రహస్యం అని మాటివ్వడమే అబద్ధం. ‘నీకు అపాయం ఉందని తెలిస్తే మాత్రం సాయం కోసం చెప్పాల్సి వస్తుంది’ అని మొదటి ప్రశ్నకు ముందే చెప్పడం న్యాయం. ఆ మాట విని కొందరు పిల్లలు నోరు విప్పకపోవచ్చు, అధ్యయనంలో అంకెలు తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

మధ్యలో మానుకుంటే ఏమవుతుంది? ఏమీ కాకూడదు. కారణం చెప్పక్కర్లేదు, ఆ ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగదు. మధ్యలో ఆగినా బంధం తెగనక్కర్లేదనడానికి అనుకోని ఉదాహరణ ఒకటుంది. ఖమ్మం ప్రాజెక్టు ఆగిన 2010 ఏప్రిల్‌లోనే, అదే హెచ్‌పీవీ టీకా మీద అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో నడుపుతున్న ఇంకో అధ్యయనంలోనూ సూదులు ఆగిపోయాయి. అందులో అప్పటికి చేరిన బాలికలు 17,729 మంది. వాళ్లలో 4,950 మంది ఒక్క సూదితోనే ఉండిపోయారు. టీకా ఆగినా పరిశోధకులు ఆ అమ్మాయిల్ని ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చారు, వాళ్లూ పలుకుతూ వచ్చారు. 2021లో ఫలితాలు చూస్తే క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క సూది కూడా 95 శాతం కాపాడింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒకటో రెండో మోతాదులు చాలంది. మూడు సూదుల ఖర్చు ఒక్క సూదికి దిగితే పేద దేశానికి ఎంత తేడానో వేరే చెప్పక్కర్లేదు. కబురు పెడితే మళ్లీ వచ్చే కుటుంబాలు ఉంటేనే పదేళ్ల తర్వాత అలాంటి జవాబు దొరుకుతుంది.

రేపు మీ పాప బడి సంచిలో ఇలాంటి కాగితం ఒకటి వస్తే, అది మందుకో టీకాకో సంబంధించిన ట్రయల్ అయితే, సీటీఆర్ఐ అని మొదలయ్యే నమోదు సంఖ్య కోసం వెతకండి. దేశంలో జరిగే ట్రయల్స్‌ను ఐసీఎంఆర్ నడిపే ఆ జాబితాలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. ఆ సంఖ్యను వెబ్‌సైట్‌లో కొడితే డబ్బు ఎవరిదో, ఎంతమంది పిల్లలో, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతిచ్చిందో ఉచితంగా కనిపిస్తుంది. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలుంటే పది నిమిషాల పని. సంఖ్య కనిపించకపోతే కాగితం వెనక్కి పంపి, అది ఇచ్చాక మాట్లాడదామని రాయండి.